నిద్రలో మాట

కార్తీకమాసం రాగానే మా హాస్టల్ స్టోరు గదిలోంచి రగ్గులు బయటికి తీస్తారు. ఏడాదంతా ఇనప పెట్టెల్లో కలరా ఉండల మధ్య నలిగిన ఆ రగ్గుల్ని వరండా తాళ్ళ మీద ఆరేస్తే, పొద్దెక్కేదాకా విడవని మంచులో అవి ఆరవు సరికదా, మరికాస్త చెమ్మ పీల్చుకుని, కలరా ఉండల ఘాటూ పాత ఉన్ని ముక్కిన వాసనా వంటశాల పొగా కలగలిసి వరండా అంతా కమ్ముకుంటుంది. అరకు లోయలో ఇప్పుడు నేను ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకి పాఠాలు చెప్పే టీచర్ని. చేతిలో సుద్దముక్క ఉన్నా సరే, ఆ వాసన తగిలితే ఎనిమిదో తరగతి పిల్లనైపోతాను. గుర్తొచ్చేవి ఆటపాటలే అయితే బాగుండేది.

మా ఊరు కొండ మీద, రైలు పట్టాలు సొరంగంలోకి దూరే చోటికి అవతల ఉంది. వానాకాలం వెదురు కొమ్ములు విరిచి తెచ్చి సన్నగా తరిగి అమ్మ వండే కూర, కొత్తల పండక్కి దేముడికి పెట్టాక అడ్డాకుల్లో అందరికీ వడ్డించే కొత్త సామల అన్నం, అంబలి తాగి మూతి తుడుచుకోకుండానే మేకల వెంట పరుగులు, చలికాలం లోయంతా పసుపు ఆరబోసినట్టు పూసే వలిసెపూలు, రాత్రి నెగడు చుట్టూ చేతులు కలిపి ఆడే థింసా, ఆడి ఆడి అలిసిన మా ముసలమ్మ పొగచుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని చెప్పే పులి కథలు. ఇవన్నీ మాకు జరిగినవి ఒరియా కలిసిన మా సొంత బాసలో. తెలుగు సంతలో పనికొచ్చే మాట, బస్సు కండక్టరు మాట. బడికి వెళ్ళాకే దానితో చుట్టరికం.

మేము చదివిన ఆశ్రమ పాఠశాలలో నేను చేరినప్పుడు హెడ్మాస్టరు బొబ్బిలి వైపు నుంచి వచ్చిన పెద్దాయన. లెక్కల్లో తరచూ తప్పుపోయేవాడు, మధ్యాహ్నం కుర్చీలోనే కునుకు తీసేవాడు. కానీ పొద్దున్నే పిల్లలందర్నీ రాజ్మా మడుల్లోకి దింపి తనూ పంచె ఎగ్గట్టి కలుపు తీసేవాడు. శనివారం వస్తే పాఠం చెప్పే పని పిల్లలది. ఒకరోజు ఒక పిల్ల తినే పుట్టగొడుగుకీ తినకూడనిదానికీ తేడా చెప్పింది. ఇంకోరోజు ఇంకో పిల్ల అడ్డాకులు ఎలా కుట్టాలో చూపించింది. తెలుగు మాట తట్టకపోతే మా బాసలోనే చెప్పమనేవాడు, ఆ మాట తనూ పలకబోయి తప్పు పలికేవాడు, మేము పడీపడీ నవ్వేవాళ్ళం. ఇదీ చదువేనర్రా అనేవాడు. ఆయన రిటైరై వెళ్ళిపోయిన వేసవి తరవాత బడి తెరిచేసరికి కొత్త హెడ్మిస్ట్రెస్ వచ్చి ఉన్నారు.

మేడమ్‌ని తలుచుకుంటే కోపం రాదు, అదే నాకు ఇబ్బంది. గంజి పెట్టిన నూలు చీర మడత నలగకుండా కట్టుకునేవారు. మా తలల్లో పేలు తనే దువ్వి తీసేవారు. జ్వరం వచ్చిన పిల్ల మంచం పక్కన కూర్చుని తడిగుడ్డ మార్చేవారు. ఎప్పుడో తనిఖీకి వచ్చిన అధికారులు అడిగిన ప్రశ్నకి మా పిల్లలు తెలుగులో జవాబు చెప్పలేకపోతే వాళ్ళు నవ్వారట. ఆ సంగతి విని ఆవిడకి కడుపు మండింది. ఈ పిల్లల్ని చూసి ఇంకెవరూ నవ్వకూడదు అనుకున్నారు. చదువంటే మార్కులు ఒక్కటే కాదు, మనిషి మొత్తం మారాలి, శీలం కుదరాలి అని మొదటి రోజే చెప్పారు. ఆ మాటలు మాకు బాగా నచ్చాయి.

సాయంత్రం ప్రార్థన హాల్లో నల్లటి సిమెంటు గచ్చు మీద కూర్చునేవాళ్ళం. మేడమ్ ఎక్కడినుంచో ఒక ఎర్ర జంపకానా తెప్పించి ముందు వరసలో పరిపించారు. మంచి పిల్లలు దాని మీద కూర్చోవాలి. మంచి పిల్ల కావాలంటే రోజూ ప్రార్థన అయ్యాక లేచి నిజం చెప్పాలి, అంటే పక్కపిల్ల చేసిన తప్పు చూస్తే దాచకుండా చెప్పాలి. అన్నం పారేయడం, పళ్ళు తోముకోకపోవడం, అబద్ధమాడటం, మా బాసలో మాట్లాడటం, ఇవీ తప్పులు. తప్పు చేసిన పిల్ల భోజనం అయ్యేదాకా గోడవైపు తిరిగి నిలబడాలి. చెప్పిన పిల్ల జంపకానా మీదికి వెళ్తుంది.

మొదట్లో ఎవరూ లేవలేదు. తరవాత ఒక పిల్ల లేచింది. ఆషాఢం వానల్లో గచ్చు ఐసుగడ్డలా చల్లబడ్డాక ఇద్దరు ముగ్గురు లేచారు. దసరా సెలవులు వచ్చేసరికి జంపకానా సగం నిండింది.

బడి నిజంగానే శుభ్రపడింది. తనిఖీకి వచ్చినవాళ్ళు మెచ్చుకున్నారు. కానీ మడుల్లో కలుపు తీసేటప్పుడు ఒకరికొకరు ఎడంగా కూర్చోవడం మొదలుపెట్టాం. గచ్చకాయల ఆట ఆగిపోయింది. ఆటలో ఓడిపోతే నోట్లోంచి ఏ బాస వస్తుందో ఎవరు చెప్పగలరు? కుళాయి దగ్గర మూతులు బిగించి బిందెలు నింపుకునేవాళ్ళం. అంతమంది ఆడపిల్లలున్న చోట గిన్నెల చప్పుడు తప్ప మరేదీ వినపడేది కాదు. వంట చేసే కాసులమ్మ ఒకరోజు అన్నం వడ్డిస్తూ గరిటె ఆపి మా అందరి మొహాల వంకా చూసి, ఏటే, శవం లేసిన ఇల్లునాగున్నాది అని గొణుక్కుంది. అది కూడా ఎవరో వెళ్ళి మేడమ్‌కి చెప్పారు.

సుక్రి ఆ ఏడే ఆరో తరగతిలో చేరింది. మా ఊరి పిల్లే, మా ఇంటికి రెండిళ్ళ అవతల. శుక్రవారం పుట్టిందని ఆ పేరు. బడికి పంపేటప్పుడు వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుని గుంటని చూసుకోమని మరీ మరీ చెప్పింది. ఇంటి దగ్గర పిట్టలాగా వాగే పిల్ల, ఇక్కడ ఏ మాట నేరమో తెలియక అసలు మాట్లాడటమే మానేసింది. ఏదైనా కావాలంటే నా గౌను అంచు లాగేది. అలా నోరు మూసుకుని నాలుగు నెలలు ఏ తప్పూ లేకుండా నెట్టుకొచ్చింది.

దసరా సెలవులు అయ్యి తిరిగొచ్చాక ఒక సాయంత్రం ప్రార్థనలో ఒక పిల్ల లేచి నిలబడింది. ఆ పిల్ల ఎవరో ఇక్కడ రాయను. తనకీ పదకొండేళ్ళే, తనకీ చలే. సుక్రి నిద్రలో మా బాసలో మాట్లాడుతోందని చెప్పింది. వాళ్ళమ్మని పిలుస్తోందట, మేకని తోలుతోందట. ఎవరో కిసుక్కున నవ్వారు. మేడమ్ నవ్వలేదు. సుక్రిని దగ్గరికి పిలిచి, తల నిమిరి, చాలా మెత్తగా అన్నారు:

"నిద్రలో వచ్చేదేనమ్మా అసలు మనసు. అది మారాలి. పడుకునే ముందు అన్నీ తెలుగులో అనుకుంటూ పడుకో. రేపటినుంచి రాదు."

గోడవైపు నిలబెట్టలేదు కూడా. కానీ ఆ మెత్తటి మాట విన్నాక సుక్రి మొహంలో వచ్చిన మార్పు నేను మరిచిపోలేను. ఇన్నాళ్ళూ ఆ పిల్లకి దాక్కోవడానికి నిద్ర ఉండేది. ఇక అదీ లేదు.

ఆ తరవాత సుక్రి పడుకోవడం మానేసింది. పొద్దున్న లేచి చూస్తే మోచేతుల మీద గిచ్చుకున్న మచ్చలు, బుగ్గల మీద అడ్డంగా ఎర్రటి చార. తువ్వాలు నోటికి కట్టుకుని పడుకుంటోందని ఆ చార చూశాకే తెలిసింది. క్లాసులో కూర్చున్నచోటే తల వాలిపోయేది, బద్ధకమని టీచర్లు తిట్టేవాళ్ళు. అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయేది. కళ్ళ కింద నీలం దిగింది. నేను కాసులమ్మకి చెప్పాను. ఆవిడ చేతులు తుడుచుకుని తిన్నగా మేడమ్ గదికి వెళ్ళింది. పిల్లల నడవడి సంగతి తను చూసుకుంటాననీ, వంట సంగతి చూడమనీ చెప్పి మేడమ్ పంపేశారట. తిరిగొచ్చి పొయ్యి ముందు కూర్చుని, ఈ గుంట దక్కదే అంది నాతో.

తరవాత వారంలో ఒక మధ్యాహ్నం మంచు ముందే దిగింది. లోయలో అప్పుడప్పుడు అలా అవుతుంది, ఎండ ఉండగానే కొండ మీంచి తెల్లగా జారి చెట్లనీ గోడల్నీ ఒకటొకటే మింగేస్తుంది. బడి విడిచాక వరసలో నిలబెడితే సుక్రి లేదు. గదుల్లో లేదు, మడుల్లో లేదు, కుళాయి దగ్గర లేదు. మేడమ్ చెప్పులు లేకుండా వరండా దిగొచ్చారు. వాచ్‌మన్‌ని బస్సు రోడ్డు వైపు పరిగెత్తించారు. ఎటు వెళ్తుందో నాకు తెలుసు. సెలవులకి ఇంటికి వెళ్ళేటప్పుడు దగ్గర దారని మేమందరం పట్టాల వెంబడే నడిచేవాళ్ళం, పెద్దవాళ్ళు తోడుంటే సొరంగం కూడా దాటేవాళ్ళం. ఆ మాట చెప్పగానే కాసులమ్మ నా రెక్క పుచ్చుకుంది.

పట్టాల మీద రెండు స్లీపర్ల అవతల ఏమీ కనిపించదు. కంకర తడిసి జారుతోంది. కాసులమ్మ వగర్పు, నా వగర్పు, ఎక్కడో నీళ్ళు కారుతున్న చప్పుడు. సొరంగం నోటి దగ్గరికి చేరాక లోపల్నించి చల్లగాలి మొహాన కొట్టింది. అందులోంచి ఇనప ఖనిజం గూడ్సు బళ్ళు వస్తూంటాయి, వచ్చే వేళ ఎవరికీ తెలియదు. కాసులమ్మ సుక్రీ, ఇటు రాయే అని తెలుగులో అరిచింది. సొరంగం ఆ కేకని మింగేసింది. అప్పుడు నా వైపు తిరిగింది.

"నువ్వు పిలవే. మీ బాసలో పిలు. మీ ఊరి గొంతైతే పలుకుతాది."

నోరు తెరిచాను. మాట రాలేదు. మంచులో మేమిద్దరం తప్ప పురుగు లేదు, అయినా వెనక్కి తిరిగి చూశాను, ఎవరైనా విని సాయంత్రం చెబుతారేమోనని. కాసులమ్మ నా వీపు మీద ఒక్కటి చరిచింది. అప్పుడు మా ఊళ్ళో పొద్దుగూకే వేళ పిల్లల్ని ఇంటికి పిలిచేలా పిలిచాను. జవాబుగా వచ్చింది రైలు కూత.

కాసులమ్మ నన్ను పట్టాల మీంచి పక్కకి లాగేసింది. కొండ గోడకి వీపులు ఆనించి నిలబడ్డాం. ఇంజను సొరంగంలోంచి పొడుచుకొచ్చింది, దాని వెనక పెట్టెలు, పెట్టెలు, పెట్టెలు. నేల అదురుతోంది. ఎర్రటి దుమ్ము మంచులో కలిసి కళ్ళలో పడింది. కాసులమ్మ గట్టిగా కళ్ళు మూసుకుని కొండదేవతకి మొక్కుతోంది. నేను మూసుకోలేకపోయాను. చక్రాల కిందే చూస్తూ నిలబడ్డాను. ఆఖరి పెట్టె వెళ్ళిపోయాక సొరంగం లోపల ఇంకా చాలాసేపు హోరు తిరిగింది. ఆ తరవాత నిశ్శబ్దం. మేమిద్దరం లోపలికి అడుగు వెయ్యలేదు. ఏం చూడాల్సి వస్తుందోనని.

గోడ తడుముకుంటూ తనే వచ్చింది. తల నుంచి పాదాల దాకా ఎర్ర దుమ్ము, తెల్లగా కళ్ళు ఒక్కటే. గ్యాంగ్‌మన్లు రైలు వచ్చినప్పుడు తప్పుకోడానికి సొరంగం గోడలో తవ్విన గూట్లో ముడుచుకుని ఉందట. ఇంటికి పారిపోదామని బయల్దేరి, ఆ చీకట్లో గూడు చేతికి తగిలి, అక్కడే ఆగిపోయింది. కాసులమ్మ కొంగుతో మొహం తుడుస్తుంటే నావైపు చూసి మా బాసలో అంది:

"అక్కా, అక్కడ బాగా నిద్దరట్టీసింది. ఎవులూ ఇనరు."

ఆ సాయంత్రం ప్రార్థన ఆలస్యంగా జరిగింది. మేడమ్ మొహం పాలిపోయి ఉంది. సుక్రి గేటు దాటడం ఎవరు చూశారు, చూసి ఎవరు దాచారు, చెప్పండి అని అడిగారు. అలవాటు కొద్దీ అడిగారనుకుంటాను. ఎవరూ లేవలేదు. మళ్ళీ అడిగారు. అప్పుడు జంపకానా మీంచి ఒక పిల్ల లేచింది. సుక్రి నిద్రమాట చెప్పిన పిల్లే. ఇంకేదో చెబుతుందనుకున్నాం. ఏమీ చెప్పలేదు. నడిచి వచ్చి వెనక వరసలో, చల్లటి గచ్చు మీద, సుక్రి పక్కన కూర్చుంది. కాసేపటికి ఇంకో పిల్ల. తరవాత ఒకరి వెనక ఒకరు అందరూ. ఎర్ర జంపకానా ఖాళీగా మిగిలింది. మేడమ్ దానివంక చూసి, భోజనం గంట కొట్టమని మాత్రం అన్నారు. మళ్ళీ ఎప్పుడూ ఆ ప్రశ్న అడగలేదు.

కబురందుకుని సుక్రి నాన్న వచ్చాడు. ఆయనకి తెలుగు సంతకి సరిపడినంతే వచ్చు. మేడమ్ ఏదో చెబుతున్నారు, ఆయన నేల చూస్తున్నాడు. కాసేపటికి ఆవిడ మాట ఆపి నన్ను పిలిచారు.

"మీ బాసలో చెప్పమ్మా. నేను పొరపాటు చేశానని చెప్పు."

ఆవిడ ముందు నిలబడి, ఆవిడ చెప్పమంటే, మా బాసలో చెప్పాను. ఆయన అంతా విని తల ఊపాడు. గుంట పడుకోవాల, తీసుకెళ్తాను అని మాత్రం అన్నాడు. కూతుర్ని భుజానికెత్తుకుని పట్టాల వైపు వెళ్ళిపోయాడు. ఆ పిల్ల గేటు దాటకముందే ఆయన భుజం మీద నిద్రపోయింది. మళ్ళీ బడికి రాలేదు. మేడమ్ వేసవిలో బదిలీ చేయించుకుని వెళ్ళిపోయారు.

మొన్న సంతలో సుక్రి కనబడింది. అల్లం, పచ్చి రాజ్మా గుట్టలు పోసి అమ్ముతోంది. పక్కన టైలు కట్టుకున్న ఇద్దరు పిల్లలు, ఇంగ్లీషు మీడియమట. ఒకడు వాళ్ళమ్మతో తెలుగులో ఏదో అడిగి నా వైపు తిరిగి గుడ్ మార్నింగ్ చెప్పాడు. నేను మా బాసలో పలకరించాను. వాడు వాళ్ళమ్మ మొహంలోకి చూశాడు.

"ఆలకి మన బాస రాదక్కా," అంది సుక్రి, అల్లం మీద మట్టి దులుపుతూ. "నేనే నేర్పనేదు."

నేను సంచి తెరిచి పట్టాను. తను అల్లం పోసింది.

ఆ పాత బడి పెంకుల కప్పు తీసేసి మేడ కట్టారు. రాజ్మా మడుల చోట బళ్ళు నిలుపుతున్నారు. కాసులమ్మ ఎప్పుడో పోయింది. ఇప్పుడు మా బడిలో ఏ బాస మీదా నిషేధం లేదు, పైగా ఇంటి బాస కోసం వారానికొక పీరియడు కేటాయించారు. నేనే అడిగి ఆ పీరియడు తీసుకున్నాను. మొదటి రోజు క్లాసులోకి వెళ్ళి, మీ ఇంటి బాసలో ఎవరైనా ఒక కథ చెప్పండర్రా అన్నాను. పిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. భయపడి కాదు, ఏ పిల్లా భయపడలేదు, హాయిగా నవ్వుతున్నారు. మళ్ళీ అడిగితే వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచింది.

"మా ముసలమ్మకి వొచ్చును టీచర్," అంది. "ఆవిడ పోయింది."

అని కూర్చుంది.