బాపు విన్న గంట కథ

మొదటి ఎపిసోడ్ మొదలైన రెండు నిమిషాలకే నా మనసు విరిగింది. ఆ పిల్ల వేసుకున్న బట్టలు బూడిద రంగులో ఉన్నాయి.

అవి మామిడి చిగురు రంగువని మా ఇంట్లో ఎప్పుడో తేలిపోయింది. తేల్చింది మా బాపు. అసలు కథ జపాన్‌వాళ్ల బొమ్మల పుస్తకం, మాంగా. అందులో అన్నీ నలుపు తెలుపు బొమ్మలే. పిల్ల బట్టలది ఏం రంగని బాపు అడిగితే, రంగులుండవని చెప్పాను. రంగు లేని బట్ట ఎట్లుంటుందని ఆయన ఒప్పుకోలేదు. నలభై ఏళ్లు నూలుకు రంగులద్దిన మనిషి. కాసేపు ఆలోచించి, తాతతో కొండల్లో తిరిగే పిల్ల కాబట్టి మామిడి చిగురు రంగైతే దూరం నుంచి కూడా తాతకు కనిపిస్తుందని నిర్ణయించాడు. ఆ రోజు నుంచి నాకూ ఆ పిల్ల అదే రంగులో కనిపించేది. ఇప్పుడు ఆ కథను అనిమేగా, అంటే కదిలే బొమ్మల సీరియల్‌గా, తీసినవాళ్లెవరో దానికి బూడిద రంగు వేశారు.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను నల్లగొండలో డిగ్రీ చదివేదాన్ని. హాస్టల్లో పక్క మంచం అమ్మాయి ఫోన్‌లో ఇంగ్లీషులోకి మార్చిన మాంగాలు చదివేది. ఆమె దగ్గరే నాకు ఈ కథ దొరికింది. కొండల నడుమ ఒక ఊళ్లో గంటలు పోతపోసే ముసలాయన ఉంటాడు. తన చివరి గంటను సముద్రం ఒడ్డున ఉన్న ఒక ఊరికి ఇస్తానని మాట ఇస్తాడు. తోడు మనవరాలు తప్ప ఎవరూ లేరు. గంట మోగకుండా గడ్డి చుట్టి, చేత్తో లాగే బండి మీద పెట్టుకొని ఇద్దరూ బయలుదేరుతారు. అంతే కథ. నెలకొక భాగం వచ్చేది.

శనివారం వస్తే నకిరేకల్‌లో బస్సు దిగి, ఆటోలో మా ఊరికి పోయేదాన్ని. మాది నేత ఇల్లు. ముందు గదిలో గుంట మగ్గం, వెనక వసారాలో చిటికి కట్టే చోటు. రంగు అంటకూడని చోట నూలుకు ముడులు వేసే పనిని మేం చిటికి అంటాం. మగ్గం మీద ఉంటే చప్పుడులో ఏమీ వినపడదు. చిటికి మాత్రం నిశ్శబ్దంగా సాగే పని. ఒకరోజు నేను ఆ వసారాలోనే గోడకు ఆనుకొని ఫోన్ చూస్తుంటే, ఏముంది అందులో, ఒక్కదానివే మురుస్తున్నావని బాపు అడిగాడు. కథ అన్నాను. అయితే వినిపించమన్నాడు.

నేను ఒక్కో బొమ్మ చూస్తూ, అందులో ఏముందో చెప్పి, మాటలను మా మాటల్లోకి మార్చి చదివాను. పుస్తకం కుడి నుంచి ఎడమకు నడుస్తుందంటే బాపుకు ముచ్చటేసింది. వాళ్ల నాయన చదివింది ఉర్దూ బడిలో. ఆ జపానోళ్లు కూడా మా నాయన లెక్కనే చదువుతారా అని నవ్వాడు. మొదటి రోజు పనికి అడ్డం లేకుండా విన్నాడు. రెండో వారం నుంచి నేను బస్సు దిగి కాళ్లు కడుక్కునేలోపే చిటికి ముందు కూర్చొని ఉండేవాడు. కథ బిగువుగా ఉన్నచోట ఆయన వేళ్లు ఆగిపోయేవి. అది చూసి నేనూ కావాలని మెల్లగా చదివేదాన్ని.

ఒక వాగు దాటే భాగం ఉంది. వరద వస్తోంది, బండి నడి వాగులో ఇరుక్కుంది. అమ్మ వచ్చి అన్నం చల్లారుతోందని మూడుసార్లు పిలిచింది. నేను ఫోన్ పక్కన పెట్టబోయాను.

"ఆపకు బిడ్డా. వాగు దాటినంక తింట" అన్నాడు బాపు.

నెలకు ఒక్క భాగమే కాబట్టి, మధ్యలో ఖాళీ వారాల్లో పాతవే మళ్లీ చదివించుకునేవాడు. ఆ ముసలాయన నా నోట్లో మా ఊరి పెద్దమనిషిలా మాట్లాడేవాడు. "జర ఆగు బిడ్డా, చక్రం చూద్దాం" అనేవాడు. ఇంగ్లీషులో ఆయన ఏమనేవాడో నాకిప్పుడు గుర్తు లేదు.

డిగ్రీ, బీఈడీ అయ్యాక నల్లగొండలో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెప్పే పనికి కుదిరాను. ఆ మరుసటి ఏడే బాపు కిడ్నీలు పాడయ్యాయని తేలింది. రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకొని అమ్మనూ బాపునూ నా దగ్గరికి తెచ్చుకున్నాను. మగ్గం ఊళ్లోనే ఉండిపోయింది. వారానికి రెండుసార్లు దవాఖానలో డయాలసిస్, ప్రతిసారీ నాలుగు గంటలు. రక్తం గొట్టాల్లో తిరుగుతుంటే ఆయన కదలకుండా పడుకునేవాడు, నేను పక్కన స్టూలు మీద కూర్చొని గంట కథ చదివేదాన్ని. పక్క మంచం మీద మేళ్లచెరువు దిక్కు సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసి, ఇక్కడ కూతురి దగ్గర ఉంటున్న ఒకాయన ఉండేవాడు. మొదట్లో మా వంక వింతగా చూసి, తర్వాత ఆయన కూడా తల ఇటు తిప్పుకొని వినేవాడు.

ఒక మంగళవారం పోయేసరికి ఆ మంచం మీద వేరే మనిషి ఉన్నాడు. ఏమైందని నర్సును అడిగితే ఆదివారం పోయాడని చెప్పింది. బాపు విన్నాడు. కొంచెం సేపయ్యాక, కొత్త భాగం వచ్చిందా, చదువు అన్నాడు.

వచ్చింది. నేను ఎప్పుడూ ముందుగా చదవను, ఇద్దరం కలిసే తెలుసుకోవాలని నాకొక పట్టుదల. చదువుతూ పోయాను. మంచు పడుతోంది. తాతా మనవరాలూ ఒక గుడిసెలో తలదాచుకున్నారు. తెల్లారింది. పిల్ల లేచి నిప్పు రాజేసి తాతను పిలిచింది. తర్వాత నాలుగు పేజీల్లో ఒక్క మాట లేదు. పిల్ల తాత పక్కన కూర్చుంది. బయటికి వచ్చింది. బండి చుట్టూ తిరిగింది. మళ్లీ లోపలికి పోయింది.

నేను చదవడం ఆపేశాను.

"ఏమైంది, సదువుతలేవు?"

"మంచు పడుతాంది బాపూ. ఇద్దరు పండుకున్నరు."

ఆయన కళ్లు మూసుకున్నాడు. నేను మిగతా పేజీలు చూస్తూ, వాటిలో లేనిది చెప్పాను. ముసలాయన లేచాడని, చలికి తిట్టుకున్నాడని, ఇన్ని వేడి నీళ్లు అడిగాడని చెప్పాను. బాపు పెదవులు కొంచెం కదిలాయి. నవ్వాడో, నోరు ఎండిందో తెలియదు.

వచ్చే వారం నిజం చెబుదామనుకున్నాను. ఆ వారం ఆయనకు ఆయాసం ఎక్కువైంది. తర్వాత నెల కొత్త భాగం వచ్చింది, అందులో పిల్ల ఒక్కతే బండి లాగుతోంది. నేను పక్కన తాతను నిలబెట్టాను. పిల్ల ఊరుకున్నచోట తాతతో మాట్లాడించాను. ఇట్లా ఏడాది దగ్గర దగ్గర నడిచింది. బడిలో పిల్లలు పరీక్ష రాస్తుంటే తిరుగుతూ, ఈ మంగళవారం ముసలాయన ఏమనాలి అని ఆలోచించేదాన్ని.

ఒకరోజు బాపు, "ఈ నడుమ ముసలాయన బగ్గ మాట్లాడుతాండు" అన్నాడు.

పానం మంచిగైంది కావచ్చని చెప్పాను. కావచ్చన్నాడు.

బాపు పోయేనాటికి బండి ఇంకా సముద్రం చేరలేదు. ఆ తర్వాత కూడా మాంగా ఇంకొంత కాలం వచ్చి, ముగిసిందని విన్నాను. నేను చదవలేదు. ఫోన్ మార్చినప్పుడు కూడా పాత భాగాలన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించుకున్నాను కానీ తెరవలేదు.

అనిమే వస్తోందని చెప్పింది ఆ హాస్టల్ అమ్మాయే. చిన్న వీడియో పంపింది. అది విడుదలయ్యే దాకా నాకు నిద్ర సరిగా పట్టలేదంటే ఎవరైనా నవ్వుతారు, కానీ నిజం. ఆదివారం మధ్యాహ్నం, అన్నం తిన్నాక, ఫోన్‌ను స్టీలు డబ్బాకు ఆనించి పెట్టుకొని కూర్చున్నాను.

రంగు సంగతి చెప్పాను. ఆ తర్వాత ముసలాయన మాట్లాడాడు. సన్నని, కొంచెం వణికే గొంతు. ఆ గొంతులో తప్పేమీ లేదు, ఎవరో గొప్ప నటుడే అయి ఉంటాడు. కానీ నేను ఆయన నోటి నుంచి "జర ఆగు" అనే మాట కోసం ఎదురుచూస్తున్నానని అప్పుడే నాకు తెలిసింది. వాగు భాగం నాలుగు నిమిషాల్లో అయిపోయింది. నీళ్లు అద్భుతంగా గీశారు, అవి పారుతుంటే గదిలో తేమ వచ్చినట్టుంది. అయినా నాలుగు నిమిషాలేనా? మేం ఆ వాగును మూడు శనివారాలు దాటాం.

అమ్మ పక్కన కూర్చొని చిక్కుడుకాయలు వలుస్తోంది. ఫోన్‌లోకి తొంగి చూసి, ఇది మీ గంట కథేనా అని అడిగింది. అవునన్నాను. కళ్లద్దాలు పెట్టుకొని దగ్గరికి జరిగింది.

"గీయన గింత పొట్టిగున్నడేంది? ఆరడుగుల మనిషి గదా."

ఆరడుగులని నేనెప్పుడూ చెప్పలేదు. మాంగాలో ఆయన మనవరాలి కంటే జానెడు పొడుగంతే. ఎవరు చెప్పారని అడిగాను.

"మీ బాపే. ఎద్దు గూడ కనిపిస్తలేదు" అంది అమ్మ.

ఏ ఎద్దు అన్నాను. బండికి ఒక ఎద్దుంటుందని, దానికి ఒక కొమ్ము విరిగి ఉంటుందని, గడ్డి దొరకని రోజు ముసలాయన తన రొట్టె దానికి పెడతాడని అమ్మ చెప్పుకుంటూ పోయింది. నేను చిక్కుడుకాయల పళ్లెం పక్కకు జరిపి విన్నాను. నేను హాస్టల్లో ఉన్న రోజుల్లో, సోమవారం నుంచి శుక్రవారం దాకా, అన్నం తింటూ బాపు ఆ కథను అమ్మకు చెప్పేవాడట. నల్లగొండకు వచ్చాక కూడా, నేను బడికి పోయినప్పుడు చెప్పేవాడట. అసలు కథలో ఆ బండిని లాగింది ఆ ఇద్దరే. పసిపిల్లతో అంత బరువు లాగించడం బాపుకు మనసొప్పలేదేమో. నాకు ఒక్క మాట చెప్పకుండా ఎద్దును కట్టేశాడు.

ఆ రోజు మిగతా ఎపిసోడ్‌లో ఏముందో నాకు గుర్తు లేదు. బాపు పోయి ఇన్నేళ్లకు ఆయన దగ్గర నుంచి నాకు తెలియని మాట ఒకటి వచ్చింది. ఇంకేం చెప్పాడని అమ్మను పట్టుకున్నాను. ఇంకేం గుర్తుంటుంది, పనిలో సగం విన్న, సగం వినలే అంది.

తర్వాత ప్రతి ఆదివారం ఇద్దరం కలిసి చూశాం. నేను కింద ఇంగ్లీషు అక్షరాలు చదివి తెలుగులో చెప్పేదాన్ని. అమ్మకు బాపు చెప్పింది ఏదైనా గుర్తొస్తే ఆపించి చెప్పేది. ముసలాయనకు పాములంటే భయమట. అది బాపుకు ఉన్న భయం. ముసలాయన వయసులో ఉన్నప్పుడు కృష్ణ ఈది దాటాడట. జపాన్‌లో కృష్ణ ఎట్లొచ్చిందని నువ్వు అడగలేదా అంటే, నాకేం ఎరుక, ఆయన చెప్పిండు, నేను విన్న అంది.

ఏడో వారం మంచు గుడిసె వచ్చింది. ముందే తెలుసు. ఆ రోజు అమ్మను గుడికి పంపుదామా, ఫోన్ పాడైందని చెబుదామా అని కూడా అనుకున్నాను. చివరికి ఏమీ చేయలేదు. పిల్ల నిప్పు రాజేసింది, తాతను పిలిచింది. అనిమేలో కూడా ఆ తర్వాత మాటల్లేవు, పాట లేదు. గాలి చప్పుడు, పిల్ల అడుగులు. అమ్మకు చెప్పాల్సిన పని లేకపోయింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఇది ఆయన చెప్పలే" అంది. "ఆయనకు ఎరుకేనా?"

లేదన్నాను. దవాఖానలో జరిగింది మొత్తం చెప్పాను. పక్క మంచం ఆయన సంగతి, ఏడాది పాటు నేను అల్లిన మాటలు, అన్నీ. మంచిపని చేశావంటుందని ఎదురుచూశాను. ఇన్నేళ్లూ నాలో నేనే ఆ మాట చెప్పుకుంటున్నాను.

"ఆయన సూడని సావులా బిడ్డా? అవ్వ పోయింది, నాయిన పోయిండు, నా కడుపుల మొదటోడు పోయిండు. మనకు ఎదురుంగ ఏడ్వొద్దని అంత కాలం బిగబట్టుకున్నడు. గా ముసలాయన పేరు మీదనన్న ఒకసారి ఏడ్సెటోడు. ఏడ్వనియ్యవలసింది."

కోపంగా అనలేదు. అద్దాలు తుడుచుకుంటూ మామూలుగా అంది. లేచి టీ పెట్టడానికి పోయింది. ఆ మంగళవారం ఆయన పెదవులు కదిలాయి కదా, అది ఏమిటో ఎన్నిసార్లు తలచుకున్నా తేలదు.

మిగిలిన ఎపిసోడ్‌లు అమ్మే గుర్తుచేసి పెట్టించుకుంది. పిల్ల ఒక్కతే పోతోంది. నేను తాత మాటలతో నింపేసిన దారి నిజానికి ఎంత నిశ్శబ్దంగా ఉండేదో అప్పుడు చూశాను. చాలా అందంగా తీశారు. ఆ పిల్ల మంచులో కలిసిపోతుంటే, ఆ బూడిద రంగు బట్టలు ఎందుకు కావాలో కూడా నాకు అర్థమైంది. కానీ అది బాపూ నేనూ నడిచిన దారి కాదు. మా దారి ఏ పుస్తకంలోనూ లేదు, రాసి పెట్టుకోలేదు, నేను చెప్పిన మాటల్లో చాలా వరకు నేనే మరిచిపోయాను.

సీజన్ అయిపోయింది. మొన్న బట్టలు మడతపెడుతూ అమ్మ ఉన్నట్టుండి ఇంకొకటి చెప్పింది. ముసలాయన పొద్దున లేవగానే, ముఖం కూడా కడగకముందు, గంట మీది గడ్డి తడిసిందా అని చెయ్యి పెట్టి చూసేవాడట. పొడిగా ఉంటే నవ్వేవాడట. అది మాంగాలో ఉందో, దవాఖానలో నేను చెప్పానో, బాపు కలిపాడో నాకు తెలియలేదు. అమ్మనడిగితే, ఆమెకూ తెలియదంది. ఫోన్‌లో ఇన్నేళ్లు తెరవని ఆ భాగాలు తీసి, మొదటి పేజీ నుంచి వెతకడం మొదలుపెట్టాను.