సాంచాల గొంతు

సిరిసిల్లలో చిన్నప్పటి నుంచి సాంచాలు, అంటే మరమగ్గాలు నడుపుతున్నాను. ఆ చప్పుడులో పక్కవాడితో మాట్లాడాలన్నా అరవాలి. నా గుసగుస కూడా వాడ చివరి దాకా వినబడుతుందని మా ఆవిడ అనేది. పోయిన ఏడాది దాకా నేను నమ్మలేదు.

అప్పుడే నాకు ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలింది. జగిత్యాలలో డాక్టరు, "తొందరగానే దొరికింది. ఆపరేషన్ అయినా, రేడియేషన్ అయినా నయమయ్యే అవకాశం బాగుంది. ఏదన్నది మీరే చెప్పాలి" అన్నారు. నా భయం వేరే. పక్కనే కూర్చున్న మా ఆవిడ వినకూడదని డాక్టరు చెవి దగ్గరికి వంగి, మెల్లగా అడిగాను.

"సార్, కోసినంక లుంగీల ఉచ్చ కారుతదా?"

డాక్టరు ఉలిక్కిపడి కుర్చీతో సహా వెనక్కి జరిగారు. బయట కిటకిటలాడుతున్న వరండా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. మా ఆవిడ కొంగుతో ముఖం కప్పుకుంది. అంతలో తలుపు అవతలి నుంచి ఎవరో పెద్దాయన గొంతు.

"కారుతది తమ్మీ! కొన్ని నెలలు కారుతది, ఎన్కసీరి బందయితది. నాకు గట్లనే అయింది. ఇయ్యాల కోరుట్ల నుంచి బస్సుల అచ్చిన, నడుమ ఎక్కడ దిగలే!"

వరండా అంతా గొల్లున నవ్వింది. డాక్టరు నవ్వు ఆపుకుంటూ, "చాలామందికి అంతే" అన్నారు.

"గట్లయితే కోసెయ్యుండ్రి సార్" అన్నాను. అదీ అందరికీ వినబడింది.

ఆ పెద్దాయన చెప్పినట్టే అయింది. ఇప్పుడు చెకప్‌కు వెళ్తే ఆ తలుపు పక్కనే కూర్చుంటాను. లోపల మా సిరిసిల్లవాళ్లెవరైనా గుసగుసగా అడిగితే, బయటినుంచి జవాబు చెప్పేవాడు ఒకడుండాలి కదా!