మొదటి బిందె

ఉప్పుగూడ రైల్వే స్టేషన్ వెనక బడి మైదానంలో మా ట్రక్కు ఆగేసరికి ముసురు పట్టి ఉంది. డెబ్బైల్లో ఒక వానాకాలం. సరిహద్దులో పడుతుందనుకున్న డ్యూటీ నాకు బస్తీ నల్లా దగ్గర పడింది. ఆ బస్తీలో ఇంటింటా వాంతులు, విరేచనాలు. ఊళ్లో మనుషులు చాలక ఫౌజును పిలిచారు. నీళ్లు పరీక్షించడం మా పని. హవల్దారు, డ్రైవరు, నేను. సామానల్లా రెండు గుడారాలు, స్పిరిట్ దీపం, గాజు సీసాలు, నమూనాలను వెచ్చగా ఉంచే పెట్టె. తుపాకులు యూనిట్లోనే వదిలేశాం.

నల్లా పొద్దున ఒక్క గంట వచ్చేది. ఆర్డరు ప్రకారం నల్లా మూతిని మంటతో కాల్చాలి, నీళ్లు కాసేపు పారనిచ్చి అప్పుడు సీసా పట్టాలి. నీళ్లు పారబోస్తే బస్తీ ఆడవాళ్లు ఊరుకుంటారా? కొన్ని బిందెలు నిండితే నీళ్లు పారినట్టే కదా అని, ఆ తర్వాతే వెళ్లేవాణ్ణి. ఆ నీళ్లను ఊదారంగు మందున్న గొట్టాల్లో పోసి పెట్టెలో పెట్టేవాళ్లం. మర్నాటికి పసుపు తిరిగి బుడగ కడితే మురుగు కలిసినట్టు. మావి రోజూ ఊదాగానే ఉండేవి.

"నీళ్లు సాఫ్. ఓవర్," అని హవల్దారు వైర్‌లెస్‌లో చెప్పేవాడు.

"మరి జబ్బెక్కడిది? ఓవర్," అని అటునుంచి యూనిట్ వాళ్లు అడిగేవాళ్లు.



నల్లా ఎదురిల్లు యాదమ్మది. భర్త రైల్వేలో గ్యాంగ్‌మన్. నాలుగేళ్ల కూతురు మల్లిక నా టోపీ పెట్టుకుని సెల్యూట్ కొట్టేది. రెండు రోజులు లేచి తిరిగేది, మళ్లీ విరేచనాలతో మంచం పట్టేది. దవాఖానాలో చెప్పినట్టు యాదమ్మ ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు చెంచాతో తాగిస్తూనే ఉండేది. ముసురుకు కట్టెలు తడిసి పొయ్యి అంటుకోవడమే గగనం. పైగా నీళ్లు మంచివని మేమే అంటుంటే మరగబెట్టేదెవరు? ఆ పిల్ల గట్టెక్కాలని నేను మొక్కని దేవుడు లేడు.

ఒక రోజు నల్లా రాకముందే వెళ్లాను. వరస కోసం ఒకటే లొల్లి. పైపు గుర్రుమనగానే లొల్లి ఆగింది. అందరూ జరిగి యాదమ్మ బిందెను ముందు పెట్టారు.

"పిల్ల పానం బాగలేని ఇల్లు. మొదటి బిందె గామెకే అన్నా. మా బస్తీల గట్లనే," అంది ఒక పెద్దావిడ.

 ఆ నీళ్లు నేనెప్పుడూ పట్టలేదు. చూడ్డానికి తేటగానే ఉన్నాయి. ఒక సీసా నింపుకుని, మిగతావి పారబోయించి వేరే బిందె పట్టుకోమన్నాను.

మర్నాడు గొట్టాలన్నీ పసుపు. రాత్రంతా ఖాళీగా ఉన్న పైపు పక్కనున్న మోరీలోని మురుగు పీల్చుకుంటోందని, అదంతా మొదటి బిందెలోకే వస్తోందని హవల్దారు అన్నాడు. పరుగెత్తాను. మల్లిక తెల్లవారుజామునే పోయింది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు గడపలో ఏడుస్తున్నారు.

యాదమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"నిన్న పారబోయించినవ్ గద అన్నా. గవే నీళ్లా?"

 తలూపాను. ఆమె గడపలో ఉన్నవాళ్ల వైపు చూసింది.

"వాళ్లకు చెప్పకు. నా బిడ్డ బతకాలెనని ఇచ్చిండ్రు."

పైపు మార్చేదాకా మొదటి నీళ్లు పరీక్షకు కావాలని, ఫౌజు ఆర్డరని బస్తీవాళ్లకు చెప్పాను. హవల్దారు కాదనలేదు. ఆడవాళ్లు నన్ను నోటికొచ్చినట్టు తిట్టారు. మంచం పట్టినోళ్ల నోటికాడి నీళ్లు గుంజుకునేటోడన్నారు. పడ్డాను.

పైపు మారింది. జబ్బు తగ్గింది. ట్రక్కెక్కి వెళ్లిపోయాం. ఫౌజు వదిలి ఇంటికొచ్చి ఏళ్లయింది. ఇప్పటికీ మా ఇంట్లో నల్లా గుర్రుమంటే నాకు ఒక ఇత్తడి బిందె కనబడుతుంది. అందరూ నన్ను తిడుతుంటే, యాదమ్మ ఒక్కతే ఏమీ అనకుండా రోజూ తన బిందె తెచ్చి ఆ మొదటి నీళ్లు పట్టి నాకిచ్చేది. నేను దాన్ని గుడారం వెనక్కి మోసుకెళ్లి ఎవరూ చూడకుండా ఒంపేసి, ఖాళీ బిందె ఆమె చేతికిచ్చేవాణ్ణి.