తప్పు పడ్డ పోగు దాకా

మా ఎదురింటి అక్క కన్నుమూసింది. కిందటి నెల ఒక ఉదయం నేను వాకిలి ఊడుస్తుండగా ఆమె కోడలు పరుగున వచ్చి, "టీచరమ్మా, అత్తమ్మ ఎంత లేపినా లేస్తలేదు. జర ఒక్కసారి రాండ్రి" అని పిలిచింది. నేను వెళ్లేసరికి అక్క గోడవైపు తిరిగి, రోజూ పడుకునే తీరులోనే ఉంది. కుడిచేతి వేళ్ల కొసలకు ముందునాటి బూడిద ఇంకా అంటుకునే ఉంది.

ఆ బూడిద సంగతి చెప్పాలి. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు పోగుల వరుస, నేయడం ముగిశాక మా నల్గొండ నేతవారు దాన్ని పూర్తిగా లాగేయరు. పాత పోగుల కొసలను మగ్గానికే ఉంచి, ఒక్కొక్క కొసకు కొత్త పడుగులోని ఒక్కొక్క పోగును మెలిపెట్టి అతుకుతారు. వేళ్లు జారకుండా బూడిద అద్దుకుంటారు. వేల పోగులు. మా వీధిలో ఎవరి మగ్గానికి అతుకు పడాలన్నా అక్కే రావాలి. మర్రిగూడ వైపు ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగిన ఆమెకు మోకాళ్లు వంగేవి కావు. చెక్కపీట మీద కాళ్లు చాపుకొని, పక్కన కొబ్బరి చిప్పలో బూడిద పెట్టుకొని కూర్చునేది. లేవడానికి చెయ్యి అందిస్తే కసిరేది. "నువ్వు పట్టుకుంటే లేస్తనా? నాకు లేవబుద్ధి పుడితే లేస్త." నేనూ ఒకరి చెయ్యి పట్టుకొని నడిచే మనిషిని కాను. మా స్నేహానికీ, మా తగవులకూ కారణం అదొక్కటే.

నేను గణితం చెప్పి రిటైరైనదాన్ని. కొన్నేళ్ల కిందట, మక్తల్‌లో ఉంటున్న మా అమ్మాయి కూతురు ఇంటర్ చదువుకని నా దగ్గరికి వచ్చింది. వారం వారం పరీక్ష పెట్టి, వచ్చిన ర్యాంకును బట్టి సెక్షన్ మార్చే కళాశాల. మొదటి సెక్షన్‌లో చేరిన పిల్ల రెండో సంవత్సరం దసరా నాటికి చివరి సెక్షన్‌కు చేరింది. ఒక ఆదివారం అన్నం కలుపుకుంటూ, తల ఎత్తకుండా చెప్పింది.

"నేనిగ కాలేజీకి పోను అమ్మమ్మా. పరీక్షలు గూడ రాయ."

నాకు తెలిసిన వైద్యం ఒక్కటే. గోడకు కొత్త కాలపట్టిక అంటించి, "మళ్లీ మొదటి పాఠం నుంచి మొదలుపెట్టు" అన్నాను. అది నేను చెప్పడం నాలుగోసారి. ఆమె నోటుపుస్తకాలలో మొదటి పుటలు నలిగి నల్లబడ్డాయి. సగం తరువాతివి తెల్లగానే ఉన్నాయి. ఆ తేడా రోజూ నా కళ్ల ముందే ఉంది. ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన నా కంటికి అది ఆనలేదు.

మరునాడు పిల్ల కాలేజీకి వెళ్లలేదు. అరుగు మీద కూర్చుని గోడవైపే చూస్తోంది. ఎదురింటి నుంచి అక్క కేక వేసింది.

"ఏమే పిల్లా, గా గోడకేం ర్యాంకొచ్చింది, అట్ల సూస్తున్నవ్? చేతులు ఖాళీగనే ఉన్నయి గదా. ఇటు రా, జర బూడిద పట్టు."

"అక్కా, దానికి పరీక్షలున్నయి" అన్నాను నేను.

"ఉంటే ఉండనీ టీచరమ్మా. పరీక్షలేడికి ఉరుకుతయ్?"

పిల్ల వెళ్లి పీట పక్కన కూర్చుంది. "అవ్వా, గిన్ని పోగులు ఎప్పటికి ఒడుస్తయి?" అని అడిగింది. అక్క నవ్వింది. "నాకేం తెలుసే? నాకు చేతిలున్నదొక్కటే కనవడ్తది."

మధ్యాహ్నమంతా మా పిల్ల ఒక పక్క నుంచి అతికింది. ఎండ వాలే వేళకు తన వంతు ముగిసింది. కానీ చివర ఒక కొత్త పోగు జత లేకుండా మిగిలింది. అంటే మధ్యలో ఎక్కడో ఒక పాత పోగును దాటేసింది. అక్కడి నుంచి ప్రతి పోగూ ఒక స్థానం పక్కకు జరిగిపోయింది. అలాగే నేస్తే బట్ట పొడవునా సందు పడుతుంది.

"మొత్తం తెంపేసి మళ్ల మొదటిసంది అతుకుత అవ్వా."

"ఎందుకే? మొదటి పోగు నీకేం పాపం జేసింది? మంచిగనే ఉన్నది గదా. తప్పు ఏడవడ్డదో గక్కడిదాంక పోదాం పా."

ఇద్దరూ చివరి నుంచి వెనక్కు తడుముకుంటూ వెళ్లారు. సగం దాటాక దొరికింది, ఒంటరిగా వేలాడుతున్న పాత పోగు. అక్కడి నుంచే విప్పి, అక్కడి నుంచే అతికారు. దానికి ముందున్న దేన్నీ ముట్టుకోలేదు. గుమ్మంలో నిలబడి చూస్తున్న నా వైపు తిరిగి అక్క అన్నది: "నీకొచ్చిన సదువు నువ్వు చెప్తున్నవ్ టీచరమ్మా. దానికి ఏడ తెగిందో అడుగుతలేవు."

నాకు కోపం వచ్చింది. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడో రోజున మనవరాలిని అడిగాను. పదో తరగతిలో జ్వరంతో రెండు వారాలు బడికి పోలేదనీ, ఆ రోజుల్లో చెప్పిన త్రికోణమితి తనకు ఈనాటికీ రాదనీ, అమ్మమ్మ లెక్కల టీచరు గనుక ఆ మాట చెప్పడానికి సిగ్గుపడ్డాననీ ఏడుస్తూ చెప్పింది. గోడమీది కాలపట్టికను నేనే చింపేశాను. పదో తరగతి పుస్తకం తెరిచాం.

సెక్షన్ మారలేదు. కానీ పిల్ల కాలేజీకి వెళ్లింది, పరీక్షలు రాసింది. గొప్ప ర్యాంకేమీ రాలేదు. మహబూబ్‌నగర్‌లో డిగ్రీలో సీటు వచ్చింది. ఊరంతా ర్యాంకు అడిగింది. అక్క అడిగింది వేరు: "ఇష్టంగనే పోతున్నదా?" ఇష్టంగానే అన్నాను. "ఇగ ఫికర్ లేదు" అని మళ్లీ పోగు అందుకుంది. ఇంట్లో పరీక్షల ఈడు పిల్లలున్న వారు ఆ ప్రశ్నను కాస్త గుర్తుంచుకోవాలని నా కోరిక.

అక్క పోయిన నాటికి వాళ్ల మగ్గం మీద అతుకు సగంలో ఉంది. ఎంతవరకు వచ్చిందో తెలియడానికి ఆమె ఒక ఎర్ర పీలిక కట్టి పడుకుంది. దినాలయ్యేదాకా మగ్గం ముట్టలేదు. ఆ మరునాడు మనవరాలు మహబూబ్‌నగర్ నుంచి బస్సు దిగి, మా ఇంటికి రాకుండానే ఎదురింట్లోకి వెళ్లింది. నేను వెళ్లి చూసేసరికి పీట పక్కన, తన పాత జాగాలో కూర్చుని ఉంది. పీట ఖాళీగా ఉంది. పిల్ల ఎర్ర పీలిక విప్పి, దాని తరువాతి పోగును వెతికి పట్టుకుంది.

కొబ్బరి చిప్పలో బూడిద మీద అక్క వేళ్ల గుంటలు రెండు అలాగే ఉన్నాయి. పిల్ల వాటిని చెరపకుండా, పక్కనే తన వేళ్లు అద్దింది.