అరిగిన సీసా మూతి

1982లో నేను భిలాయి ఇండస్ట్రియల్ ఏరియాలోని ఒక క్రౌన్ కార్క్ యూనిట్‌లో ఇన్‌స్పెక్టర్‌ని. క్రౌన్ కార్క్ అంటే సోడా, బీరు సీసాల మీద ఉండే రేకు మూత. అంచుకు ఇరవై ఒక్క మడతలు. లోపల గ్యాస్ పోకుండా మెత్తటి పొర, దాన్ని లైనర్ అంటాం. బీరు వాసనైనా ఎరగని నేను అక్కడ పదమూడేళ్లు పని చేశాను. మేముండే క్యాంప్ 1 బస్తీలో మా పొరుగావిడ రోజూ సాయంత్రం అడిగేది, "ఏటమ్మా, ఈవేళ ఎంతమంది చేత తాగించినావు?" అని.

ఆ మే నెలలో నైజీరియాలోని ఒక బీరు కంపెనీ మా సరుకు నిలిపేసింది. సీసాల్లో గ్యాస్ పోయి బీరు చప్పబడుతోందట. మాకున్న పెద్ద ఖాతా అదొక్కటే. అది పోతే యూనిట్ నడవదు. చెడ్డ మూతలు ఏరే పద్నాలుగు మంది ఆడవాళ్లు "దీదీ, కామ్ రహేగా నా?" అని నన్నే అడిగేవారు. పని ఉంటుందో లేదో నాకేం తెలుసు? నిల్వ సరుకుకు మళ్లీ ప్రెషర్ టెస్ట్ చేశాం. మూత బిగించి, లోపల ఒత్తిడి పెంచుతూ కారుతుందేమో చూడడం. ఒక్కటీ కారలేదు.

జూన్‌లో ఎన్గోజీ అనే ఆవిడ వచ్చింది. ఆ బీరును తన ప్రాంతమంతా అమ్మే పెద్ద వ్యాపారి. మద్రాసుకు గుడ్డలు కొనడానికి వచ్చి, అక్కడి నుంచి రైల్లో మా దగ్గరకు వచ్చింది. గుడ్డల మూట విప్పి ఆరు ఖాళీ సీసాలు నా బల్ల మీద నిలబెట్టింది.

"మా బజారులో కొనేవాడి ఎదుటే సీసా తెరవాలి" అంది ఇంగ్లీషులో. "బుస్సుమనకపోతే వాడు తాగడు. ఇప్పుడు నా సీసా తెరిచి, నా మొహం చూసి నవ్వుతున్నారు."

సీసాల నడుము చుట్టూ గాజు గీసుకుపోయి తెల్లటి పట్టీలా ఉంది. మూతి మీద వేలు తిప్పితే గరుకు, అక్కడక్కడ చిన్న నొక్కులు.

"ఇది ఎప్పటిది?" అని అడిగాను.

"నా రెండో వాడికంటే పెద్దది. వాడికి తొమ్మిదేళ్లు."

"ఏడాదికి ఎన్నిసార్లు తిరిగి వస్తుంది?"

"ఏడుసార్లు."

తక్కువలో తక్కువ అరవై మూడుసార్లు. లారీలో, తర్వాత పడవలో నది దాటి, సైకిలు మీద, ఆఖరికి ఆడవాళ్ల నెత్తి మీద కరెంటు లేని ఊళ్లకు వెళ్తుందట. ఖాళీ అయ్యాక అదే దారిన వెనక్కి. ఆ మూతులు చూపించడానికి మా యజమానిని పిలిచాను.

యజమాని సూర్యనారాయణ గారు స్టీల్ ప్లాంటులో ఇంజనీరుగా రిటైరైన మనిషి. తల పట్టుకున్నారు. "మనం కొత్త సీసాల మీదే కదేటమ్మా చూసింది? డ్రాయింగులో అలాగే ఉంది మరి." భిలాయిలో అందరికీ అదే అలవాటు. డ్రాయింగులో ఉంటే ఉన్నట్టే.

"రెండు సీసాలు ఇచ్చి వెళ్లండి" అన్నాను ఎన్గోజీతో.

"ఇవ్వను. ఖాళీ సీసా ఇస్తేనే కంపెనీ నిండు సీసా ఇస్తుంది. ఇవి నది అవతల ఒక విధవరాలివి. అరువు తెచ్చాను."

అప్పుడు మా టర్నర్ ఆ సీసాల మూతులను అచ్చు అలాగే స్టీలులో దించాడు. లేత్ మీద తిప్పి, నొక్కులు ఆకురాయితో చెక్కాడు. ఎన్గోజీ పక్కనే కూర్చుని స్టీలు మీద వేలు తిప్పుతూ, "ఇంకా కొత్తగానే ఉంది, ఇంకొంచెం ముసలిది చెయ్యి" అని నవ్వింది. ఆరు మూతులు తయారయ్యాక సీసాలు మూట కట్టుకుని వెళ్లిపోయింది.

ఆ స్టీలు మూతుల మీద మా మూతలు ఆరింట నాలుగు కారాయి. లైనర్ మందం పెంచుతూ పోయాం. ఆగస్టులో ఆరూ నిలిచాయి. అక్టోబరు సరుకును కంపెనీ తీసుకుంది, మళ్లీ ఆర్డరు పెట్టింది. ఏరే ఆడవాళ్లలో ఎవరి పనీ పోలేదు.

1989లో నేను రిటైరయ్యేదాకా కొత్త సీసా మీద చూసి ఒక్క మూతనూ పాస్ చేయలేదు.