ఏటవాలుగా కోసిన దూలాలు

2017 మార్చి. న్యూజెర్సీలో ఒకప్పుడు పట్టు మిల్లులతో కళకళలాడిన ఊరు. అక్కడ నూరేళ్లు దాటిన ఒక మూడంతస్తుల ఇటుక భవనం జబ్బేమిటో గోడను వేలితో తట్టి, పది నిమిషాల్లో చెప్పినవాణ్ని నేను. ఈ మాట జెర్సీలో ఎన్ని భోజనాల బల్లల దగ్గర చెప్పానో లెక్కలేదు.

ఇప్పుడు నిజం రాస్తాను. పట్టింది మూడు గంటలు. తట్టింది సుత్తితో. చెప్పిన జబ్బు ఆ భవనానికి లేనే లేదు.

కింద బట్టల దుకాణం. అద్దాలు పగిలి చెక్కలు కొట్టేశారు. దాని మీద నేతపనివాళ్ల మీటింగ్ హాలు, ఆపైన ఒకప్పుడు వాళ్లు అద్దెకున్న గదులు. కప్పు కారుతోంది, మెట్లకు కమ్మీ లేదు. ఉంచాలా, కూల్చాలా అని నగరం వాళ్లు నన్ను కండిషన్ రిపోర్ట్ అడిగారు. కట్టడం ఎంత గట్టిగా ఉందో రాసిచ్చే కాగితం అది. ముప్ఫై ఏళ్లు కాంక్రీటు వంతెనలు చూసినవాణ్ని, పాత ఇటుకా చెక్కా నాకొక లెక్కా అనుకున్నాను.

తాళం తీసింది రోజా అనే ఎనభై ఏళ్ల ఆవిడ. చివరి మిల్లు మూసేదాకా మగ్గం మీద పనిచేసింది. ఆ భవనాన్ని బాగుచేయించి, హాల్లో ముసలి నేతగాళ్లు కలిసి కూర్చునే చోటు పెట్టించాలని ఏళ్ల తరబడి తిరుగుతోంది.

గోడలో దూలం చివర దూరే గూటిని బీమ్ పాకెట్ అంటాం. ప్లాస్టర్ ఊడిన చోట నేను టార్చ్ వేసి అందులోకి తొంగి చూస్తున్నాను.

"ఇంజనీర్, దూలాలు చూస్తున్నావా, పళ్లు పీకుతున్నావా?" అంది రోజా.

నవ్వలేదు నేను. దూలం అడుగుభాగం గోడలో ఉంది, పైభాగం మాత్రం గోడ అంచు దాకా వచ్చి ఆగిపోయింది. మధ్యలో ఖాళీ. పక్క దూలమూ అంతే. ఆ పక్కదీ అంతే.

"కుళ్లిపోయి జారుతున్నాయి మేడమ్."

"మా అమ్మ రోజుల్లో వెనక గదుల్లో నిప్పంటుకుంది. పై అంతస్తు నేల మొత్తం కిందపడింది. గోడ మాత్రం చెక్కు చెదరలేదు. అదీ రాసుకో."

"గోడకు కథలు తెలియవు మేడమ్" అన్నాను. ఆ మాట నాకే తెగ నచ్చింది.

రిపోర్టులో 'దూలాలు పట్టు కోల్పోయాయి, ఏ క్షణమైనా కూలవచ్చు' అని రాశాను. నగర సభలో అది చదివాక రోజా లేచి ఒక్కటే అడిగింది. "నీ ఇంటి దూలాలైతే ఇంకోసారి చూస్తావా?"

"రెండోసారి చూడాల్సినంత అనుమానం నాకు లేదు" అన్నాను. సభ్యులు ఓటుకు చేతులెత్తారు, కూల్చమన్నారు.

కూల్చే రోజు నేనూ వెళ్లాను, నా మాట నెగ్గడం చూసుకుందామని. రోజా ఎదురు ఫుట్‌పాత్ మీద మడత కుర్చీ వేసుకుని కూర్చుంది. యంత్రం నేలను లాగింది. దూలాలు సొరుగులు జారినట్టు ఒక్కొక్కటే గోడలోంచి జారి కిందపడ్డాయి. గోడ నిటారుగా నిలబడింది. ఒక్క ఇటుక కదల్లేదు.

"ఫైర్ కట్!" అన్నాడు కూల్చే మేస్త్రీ. "మంటల్లో నేల పడిపోయినా దూలం గోడను పెకలించకుండా చివరను కావాలనే ఇలా ఏటవాలుగా కోసేవాళ్లు. కోసినవాడికి దండం పెట్టాలి. ఇంతకీ ఇది ప్రమాదమని రాసిందెవడు?"

నేను హెల్మెట్ సర్దుకున్నాను. నా బదులు రోజా వేలెత్తి చూపించింది. ఆ గోడను పడగొట్టడానికి వాళ్లకు ఇంకో రెండు రోజులు పట్టింది. ఇప్పుడక్కడ కార్లు ఆపుకుంటున్నారు. ముసలి నేతగాళ్లు డోనట్ కొట్లో కూర్చుంటారట, కాఫీ అయిపోగానే లేపేస్తారట.

ఈ కేసు నాకు నేర్పిందొకటే. లోపం ప్రతిచోటా ఒకేలా కనిపిస్తే అది లోపం కాదు. ఎవరో ఆలోచించి చేసిన పని. అది ఆ రోజు నాకు తెలియలేదు.

ఇంతవరకు రాసి మా ఆవిడ శారదకు చదివి వినిపించాను. చిక్కుడుకాయలు వలుస్తూ వింది.

"తెలియలేదని రాశారేంటి?" అంది.

"తెలియలేదు కదా మరి!"

"ఆ భవనం చూసొచ్చిన శుక్రవారం రాత్రి అన్నం తింటూ మీరే అన్నారు. అన్ని దూలాలూ ఒకే ఏటవాలుగా ఉన్నాయే, కుళ్లు కొలిచి తింటుందా అని. అయితే రేపు మళ్లీ వెళ్లి చూడండి అన్నాను. ఉగాది నాటకం రిహార్సల్ ఉంది, నాది రాజు వేషం, కుదరదన్నారు." కాయలోంచి నార లాగి పక్కన పడేసింది. "తెలియక కాదండీ. మీరు వెళ్లలేదు."