ఎద్దు గురక, నా మడుగు

మా బావ ఎర్రెద్దు గురక పెడితే మద్నూర్ రోడ్డు మీద లారీలు ఆగిపోయేవి. టైరు పేలిందేమోనని డ్రైవర్లు దిగి, చక్రాలన్నీ తట్టి చూసుకొని, తల గోక్కుంటూ మళ్లీ ఎక్కేవారు.

బాన్సువాడ చాయ్ హోటల్లో నేను చెప్పిన మాట ఇది. నిజానికి ఆ గురక మా రెండిళ్ల నడిమి గోడ దాటి మా వాకిట్లోకి వచ్చేది, అంతే. కాని ఉన్నదున్నట్టు చెబితే నా మాట వినేదెవరు? లారీల ముచ్చట ఎత్తుకుంటే, లేవబోయినవాళ్లు కూడా ఇంకో చాయ్ చెప్పి కూర్చునేవారు.

బావ అంటే మా చెల్లెలి పెనిమిటి. ఇద్దరిదీ ఒకటే ఈడు, అందుకే ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. ట్రాక్టర్లొచ్చాక మా ఊళ్లో మిగిలిన ఎడ్ల జత ఆయనదొక్కటే. అందులో ఎర్రదానికి ఈ గురక పట్టుకుంది. మేస్తున్నా, నిలబడ్డా ముక్కులోంచి గుర్రుగుర్రుమని శబ్దం, కారే చీమిడి.

ఒకనాడు బావ గోడ మీదుగా తల ఎత్తాడు.

"బిచ్కుంద అంగట్ల గూడ అడుగుతుండ్రు, లారీలాపే ఎద్దు నీదేనా అని. నీకేం పని లేదా బావా?"

"ఫికర్ చెయ్యకు. నీ ఎద్దుకు ఎంత పేరొచ్చిందో జూడు."

ఆయన నవ్వలేదు. ఆనాటి నుంచి ఎర్రెద్దును కొట్టం బయటికి తీయడం మానేశాడు. అది కూడా నాకు నవ్వులాటగానే తోచింది.

తరువాత నా బర్రె దూడకు నట్టల మందు కోసం బాన్సువాడ పశువుల దవాఖానకు వెళ్లాను. అక్కడా ఊరుకోలేదు, లారీల కథ విప్పాను. డాక్టరమ్మ నవ్వకుండా అడిగింది.

"ఆ ఎద్దు ఏ నీళ్లల్ల దిగుతది?"

"మా మడుగులనే. కాల్వ పక్కన నేనే తవ్విన. అండ్ల దిగిన పశువు అద్దంలెక్క మెరుస్తది."

"నత్తలున్నయా అండ్ల? బిళ్లలెక్క సపాటుగ, సుట్టలు సుట్టుకొని?"

ఉన్నాయి. చిన్న సకినాల్లా చుట్ట చుట్టుకున్న నల్ల గుల్లలు. గడ్డి మొదళ్లకు, బర్రె పెండ చుట్టూ ఎప్పుడూ అంటుకునే ఉంటాయి. చూడ్డానికి ముచ్చటగా ఉండేవి.

"బర్రె గూడ అండ్లనే పంటదా?"

"పొద్దంత. దానికేం రోగం లేదమ్మా, దుక్కలెక్కుంది."

"బర్రెకు పైకి కనపడదు. దాని ముక్కు నరాలల్ల సన్నటి పురుగులుంటయి. నీళ్లల్ల చీదితె గుడ్లు పడ్తయి. అవి పిల్లలై నత్తల్ల దూరి పెరుగుతయి. మళ్ల నత్తల్లకెల్లి బయటికొచ్చి, నీళ్లల్ల దిగిన ఎద్దు తోలు గుండ లోపలికి పోతయి. ఎద్దుకు ముక్కుల గడ్డలైతయి. ఊపిరాడక తీసే గురక తాతా అది. తోలుకరమ్మనుండ్రి, సూదులిద్దాం."

నా బర్రెకు నీళ్లలో ముక్కు పెట్టి బుస్సుమని చీదడం అలవాటు. గట్టున కూర్చొని ఆ బుస్సును ఎన్నిసార్లు విని మురిసిపోయానో. "ఎండకు సస్తున్నయి, నీ ఎడ్లను గూడ దింపు బావా" అని పిలిచిందీ నేనే. ఊపిరాడక ఎర్రెద్దు గుంజుకుంటుంటే దాన్ని లారీలకు కట్టి ఊరేగించిందీ నేనే.

ఇంటికి వస్తూనే బావ దగ్గర కూర్చొని ఒక్క ముక్క కలపకుండా అంతా చెప్పాను. నా బర్రె, నా మడుగు, నత్తలు, పురుగులు. ఆయన కడదాకా విన్నాడు.

"నీ బర్రె చీదితె నత్తకు కడుపొచ్చింది. నత్త ఈనితె నా ఎద్దుకు గురకొచ్చింది. అంతేనా? లారీల కథనే మంచిగుండె బావా."

"నీ మీదొట్టు, నిజం."

"లారీలప్పుడు గూడ ఒట్టేసినవ్."

నిజమే, వేశాను.

"బేరగాడు వచ్చిపోయిండు. వచ్చే అంగడికి తోలేస్త" అన్నాడు తల తిప్పుకొని. గురక పెట్టే ఒంటి ఎద్దును కొనేది ఎందుకో మా ఇద్దరికీ తెలుసు.

"దవాఖానకు తోలుకపోదాం నడువు."

"ఊరు నవ్వింది సాలదా? బాన్సువాడ బజార్ల గూడ నవ్వాల్నా?"

మందు ఉంది. ఎద్దుకు దాన్ని అందకుండా చేసింది నా నోరు.

"నువ్వు రాకు. నేనే తోలుకపోత."

వాకిట్లో బియ్యం చెరుగుతున్న మా చెల్లెలు చేట ఆపింది. "ఇయ్యుండ్రి పలుపు. మా అన్న ఒక్కనాడన్న దాని ఎనక నడిస్తె తెలుస్తది."

తెల్లారి ఎర్రెద్దుతో బజారులో నడిచాను. నాలుగడుగులకోసారి నిలబడి గాలి గుంజుకునేది. చాయ్ హోటల్ ముందుకు రాగానే లోపలి నుంచి కేక, "పెద్దాయనా, లారీలాగినయా?" బల్లలన్నీ గొల్లుమన్నాయి. మాట నాది, నవ్వు నేను నేర్పినది. తల వంచుకొని పలుపు పట్టుకున్నాను. ఎద్దు మాత్రం తల దించలేదు. దించితే దానికి ఊపిరి అందదు.

దవాఖాన దగ్గర చూస్తే వెనకాలే బావ. ఎప్పుడు బయల్దేరాడో!

"మా బావ ఏందో నత్తల కథ చెప్పిండమ్మా..." అన్నాడు.

డాక్టరమ్మ మళ్లీ మొదటి నుంచి చెప్పింది. నేను చెప్పినదానికి ఒక్క మాట తేడా లేదు. బావ నా వైపు వేలు చూపించాడు.

"ఇగ ఈయన నోటికి సూది లేదా అమ్మా?"

ఆమె నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

ఎర్రెద్దు అంగడికి పోలేదు. సూదులు నడుస్తున్నాయి. మడుగు గట్టు తెంపి నీళ్లు వదిలేసి, బురదలోంచి లక్ష నత్తలు ఏరాను. లక్ష కాదు. గంప అడుగు కూడా నిండలేదు. మిగిలినవి బురదలోకి దిగి దాక్కుంటాయట, కాల్వకు నీళ్లు వదిలి మడుగు ఊరితే మళ్లీ పైకి వస్తాయట. అందుకే గుంతను మట్టితో పూడుస్తున్నాను. బర్రెకూ మందు పట్టించాను. అది చింత కింద నిలబడి, మడుగేదని నన్నే అడుగుతున్నట్టు చూస్తోంది.

పొద్దున లేవగానే గోడ పక్కన నిలబడి చెవి పెడతాను. గురక పూర్తిగా పోయిందని చెప్పడానికి నోరు దురద పెడుతోంది. పోలేదు. తగ్గింది.